దవడ వదిలేసిన పన్ను

వానకు వాగు గట్టు విరిగి, రాయిగా మారిన పెద్ద దవడ ఒకటి బయటపడింది. ఒకప్పుడు అక్కడి అడవినంతా గడగడలాడించిన రాక్షసబల్లిది అది. ఇన్ని యుగాలూ మట్టికింద దానికి ఒకటే ఆరాటం. తన జాతి కూడా ఈ నేలమీద బతికిందని ఒక్కరికైనా తెలియాలి.

ఎముకలు తవ్వేవాళ్ళు వచ్చి మట్టి ఊడ్చారు. "ఇంకెవరిది, బొమ్మల పుస్తకాల్లో ఉండే ఆ పేరుమోసిన బల్లిదే! మన మ్యూజియంలో దానికి దవడ లేదుగా, అతికించేద్దాం" అంటూ దవడ విరగకుండా కట్టు కట్టి తీసుకెళ్ళడానికి ప్లాస్టర్ కలపసాగారు.

"వెళ్ళవే పెద్దమ్మా," అంది పక్క బొరియలోని ఉడుము. "నీడపట్టున ఉంటావు. ఇక్కడే ఉంటే నాలుగు వానలకి పిండైపోతావు. పేరుదేముంది?"

"వేట మాది, చరిత్ర ఆ బల్లిదా?" అంది దవడ. " పరాయి మొహంలో బతికేకంటే పిండవడమే నయం!"

"అబ్బో, ఉపన్యాసం! అదేదో వాళ్ళకి చెప్పు."

దవడ అంతా నోరే గానీ మనుషులకు వినిపించే గొంతు లేదు. మిగిలింది ఒక్క పన్ను. తనవాళ్ళ గుర్తుగా దాన్ని ఇన్నాళ్ళూ బిగబట్టి ఉంచుకుంది. ఇప్పుడు పట్టు వదిలేసింది.

పన్ను ప్లాస్టర్ కలిపే అమ్మాయి పాదాల దగ్గర పడింది. ఆమె దాన్ని బొటనవేలితో తడిమింది. ఆ పేరుమోసిన బల్లి పళ్ళు నున్నగా ఉంటాయి. దీనికి అడ్డంగా సన్నటి ముడతలున్నాయి.

ఆమె చెయ్యి ఆగిపోయింది. దవడ ముందు గొంతుక్కూర్చుని మెల్లగా అడిగింది.

"ఎవరమ్మా నువ్వు?"