ఆకుపచ్చ పొట్లం

"డెంగీ మందు ప్రయోగం లెక్కల్లోంచి ఆ పాపని తీసెయ్," అన్నాడు ఫోన్‌లో ప్రొఫెసర్ లియావ్, ఇంటినుంచి.

తైవాన్‌లోని తైనాన్ ల్యాబులో ఒంటరిగా ఉన్న యా-చిన్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆ మందు పడ్డాకే రక్తం గడ్డకట్టి ఆరేళ్ళ యున్-షీ పొద్దున పోయింది. వార్డుకొచ్చి ఆ పిల్ల మొహం ఆయన ఒక్కసారీ చూడలేదు.

రక్తపరీక్ష యంత్రం మొరాయించకూడదని, అక్కడి నమ్మకం ప్రకారం దాని నెత్తిన పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం కోసం, రక్తమివ్వడానికి వచ్చిన యున్-షీ రోజూ మారాం చేసేది. "జ్వరం తగ్గాక ఇస్తాలే," అనేది యా-చిన్.

విసురుగా తిరిగితే చెయ్యి తగిలి పొట్లం కిందపడింది. చప్పుడు కాలేదు. ఎత్తి చూస్తే అతుకు ఊడలేదు, లోపల మాత్రం ఏమీ లేదు.

"నేను తీయను సార్. నువ్వు లెక్కలో లేవని మీరే ఆ పిల్లకి చెప్పుకోండి."

అటునుంచి ఎవరో కరకరా నములుతున్న చప్పుడు.

తర్వాత, ఫోనుకు దూరంగా, ప్రొఫెసర్ గొంతు వినిపించింది.

"ఎవరమ్మా నువ్వు?"