ఆయన వచ్చిన దారి

బాట అక్కడితో ఆగిపోయింది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే ఏసురత్నం గాల్లో ఉండేవాడు.

వీపున సంచితో అలాగే బండ మీద బోర్లా పడుకుని కిందికి తొంగిచూశాడు. తాడిచెట్టంత లోతు. అడుగున పొదలు, చెట్లు. నీళ్ళ సీసా తీసి చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. ఉండదని తెలిసీ పొద్దుటినుంచి ఊపుతూనే ఉన్నాడు.

అది డెబ్భై నాలుగో సంవత్సరం, ఎండాకాలం. ఏసురత్నం తిరువూరులో డ్రిల్లు మాస్టరు. సెలవుల్లో పిల్లల్ని కొండలెక్కిస్తానంటే, "ముందు మీరొక్కరే వెళ్ళి రండి. తిరిగొస్తే అప్పుడు చూద్దాం" అన్నారు హెడ్మాస్టరు గారు. రెడ్డిగూడెం దగ్గర ఎక్కి, కొండల మీదుగానే నడిచి, నాలుగో రోజున తిరువూరు వైపు దిగాలనుకున్నాడు. ఇది మూడో రోజు. చివరిసారి నీళ్ళ గుంట కనిపించింది నిన్న మధ్యాహ్నం. వెనక్కి నడిచి ఆ గుంట దగ్గరికి చేరాలంటే మళ్ళీ అంత సేపూ పడుతుంది. ఈ ఎండలో అంతసేపు నడవలేడు. నాలుక అప్పటికే అంగిటికి అతుక్కుపోతోంది.

"ఎవరయ్యా పైన?"

కిందినుంచి ఎవరో అరిచారు. ఏసురత్నం ఉలిక్కిపడ్డాడు.

"నేనండీ! తిరువూరు డ్రిల్లు మాస్టర్ని! దారి తప్పాను. అక్కడ నీళ్ళున్నాయాండీ?"

"ఊట ఉంది, చల్లటి నీళ్ళు. వచ్చెయ్యండి మాస్టారూ!"

పొదల సందున ఎర్ర తువ్వాలు ఒకటి ఊగింది. మనిషి మాత్రం కనిపించలేదు.

"ఎటునుంచి రావాలండీ?"

"మీరున్న చోటినుంచే. నేనూ అక్కణ్ణుంచే వచ్చా. నా పేరు ఆదిశేషయ్య, రెడ్డిగూడెం మాది. దున్నపోతు తప్పిపోతే వెతుక్కుంటా వచ్చా. ఇక్కణ్ణుంచి వాగెంట పోతే గంటలో తిరువూరు రోడ్డెక్కొచ్చు."

ఏసురత్నం మళ్ళీ కిందికి చూశాడు. నిలువు బండ. గొంతు వింటే అరవై దాటిన మనిషిలా ఉంది. అంత పెద్దాయన వచ్చిన దారిన, పిల్లలకు తాడెక్కడం నేర్పే తను రాలేడా? సంచి విప్పి కిందికి వదిలేశాడు. అది నేలకు తగిలిన చప్పుడు వినిపించేదాకా ఊపిరి బిగబట్టాడు.

ఇక దిగక తప్పదు. బండకేసి తిరిగి, కాళ్ళు కిందికి జార్చాడు.

"కుడికాలు ఇంకా కిందికి. ఇంకా. అక్కడ జానెడు మెట్టుంది."

ఉంది.

"ఎడం చెయ్యి మోచేతి దగ్గర పగులుంది చూడండి. దాంట్లో వేళ్ళు పెట్టండి."

వేళ్ళు సరిగ్గా పట్టాయి. బండ పెనంలా కాలుతోంది. ముక్కుకు ఎదురుగా ఉన్న రాయి తప్ప అతనికి ఇంకేమీ కనిపించడం లేదు. ఆ గొంతు ఎటు అంటే అటు కాలు వేస్తున్నాడు.

సగం దూరం వచ్చాక గొంతు అంది: "ఇప్పుడు ఎడంకాలు. మోడొకటి బయటికి పొడుచుకొచ్చింది. దాని మీద వెయ్యండి."

వేశాడు. మోడు ఫట్‌మని విరిగింది. రెండు చేతుల మీద వేలాడాడు. విరిగిన ముక్క కిందెక్కడో పడింది.

"పెద్దాయనా! మాట్లాడండి!"

"ఉన్నా, ఉన్నా. చేతులు వదలమాకండి."

"ఈ మోడు మీద మీరు కాలెయ్యలేదా?"

"నేనొచ్చేటప్పుడు అది నాకు తగల్లేదు మాస్టారూ. కుడిపక్కన, మోకాలెత్తున చిన్న గూడుంది. కాలి వేళ్ళు పడతాయి."

ఏసురత్నం కాలితో తడిమాడు. దొరకలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది.

"నా వల్ల కాదండీ."

"ఎందుక్కాదు? డ్రిల్లులో పిల్లలకి అంకెలు చెప్తారుగా? అవే చెప్పుకోండి. నేనూ మీతో చెప్తా. ఒకటి!"

"ఒకటి" అన్నాడు ఏసురత్నం. కాలు గూట్లో పడింది.

"రెండు!"

చెయ్యి మారింది. మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి. ఎన్నిసార్లు చెప్పుకున్నాడో తెలియదు. పాదం కింద రాయికి బదులు మెత్తటి ఆకులు తగిలేసరికి కూలబడ్డాడు.

నాలుగడుగుల దూరంలో ఊట. పాకుతూ వెళ్ళి ముఖం ముంచేసి తాగాడు. కడుపు నొప్పి పుట్టేదాకా తాగి, తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.

ఆదిశేషయ్య పొద పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లేవలేదు. పడుకునే రెండు చేతులూ జోడించాడు. కుడికాలు మోకాలి కిందనుంచి నల్లగా ఉబ్బిపోయి, పక్కకు తిరిగి ఉంది. పంచె చింపి, రెండు పుల్లలు పెట్టి కట్టుకున్నాడు.

"అయ్యో! ఏమైందండీ?"

"విరిగింది మాస్టారూ. మొన్న పొద్దున. ఎంత అరిచినా ఎవరూ రాలా. రెండ్రోజులుగా ఇట్టా పడుకుని ఆ బండని చూస్తానే ఉన్నా. మీరు రోడ్డు మీదకి పోయి ఓ నలుగుర్ని తీసుకొస్తే..."

"ఇప్పుడే వెళ్తానండీ. ఆ పుల్లలు కాస్త బిగించి వెళ్తా." ఏసురత్నం గబగబా ఆయన పక్కన కూర్చుని కట్టు విప్పబోయాడు. "దిగేటప్పుడు ఎక్కడ జారారు? ఆ మోడు దగ్గరేనా?"

ఆదిశేషయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"దిగానని నేనెప్పుడన్నా మాస్టారూ? పైనుంచి పడ్డా."