ఫ్రిజ్ సాంబారు

కణ్మణి ఆకులు వేసింది. నీళ్ళు చల్లింది. ఒక మూలన ఇంత ఉప్పు, ఇంత ఊరగాయ పెట్టింది. సరోజాదేవి మాత్రం సోఫాలోంచి లేవలేదు.

"లే సరోజా. తినేసి మాట్లాడుకుందాము."

"నాకు వద్దక్కా."

సరోజాదేవి మస్కట్ నుంచి వచ్చిందే ఈ ఒక్క మాట అనడానికి. సెలవులూ చుట్టాలూ అన్నీ దీని తర్వాతే. సరిగ్గా భోజనం వేళకు తోడికోడలి ఇంటికి రావాలి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచిపోవాలి. రాజపాళయంలో అయినవాళ్ళ ఇంట్లో చెయ్యి తడపకుండా లేచిపోవడమంటే ఆ గడప మీద ఉమ్మేసినంత పని. సేత్తూరులో పుట్టింట్లో దిగగానే ఆమె ఈ సంగతి నలుగురిలోనూ చెప్పేసింది కూడా. సాక్ష్యానికి మొగుడి మేనత్త బొమ్మక్కను సత్రపట్టి నుంచి కారు పెట్టి మరీ తీసుకొచ్చింది. బొమ్మక్క చూసిందంటే ఊరంతా చూసినట్టే.

కసి ఉండదా మరి. పోయిన క్రిస్మస్ లీవుకు కణ్మణి మొగుణ్ణీ కూతుర్నీ వెంటేసుకుని మస్కట్ వచ్చి వీళ్ళింట్లోనే దిగింది. సరోజాదేవి తన మంచం వాళ్ళకిచ్చి హాల్లో చాప మీద పడుకుంది. ఆఫీసులో సెలవు దొరక్క, తెల్లవారకముందే లేచి అందరికీ వండిపెట్టి పనికి పోయేది. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, ఒంట్లో బాగాలేక ముందునాటి సాంబారు ఫ్రిజ్‌లోంచి తీసి వేడిచేసి పోసింది. ఉన్నన్నాళ్ళూ నోరు మెదపని కణ్మణి, ఊరికి తిరిగొచ్చి ఒక పెళ్ళి బంతిలో కూర్చుని, మస్కట్‌లో మాకు ఫ్రిజ్ సాంబారే గతి అని చెప్పి అందరినీ నవ్వించింది. అప్పట్నుంచీ సరోజాదేవి పేరే ఫ్రిజ్ సాంబారు అయిపోయింది. మొన్న సొంత పిన్ని కొడుకే భోజనానికి పిలిచి, వేడిగా వడ్డించమంటావా, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి ఇమ్మంటావా అని పగలబడి నవ్వాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

బల్ల మీద మూతలు పెట్టిన గిన్నెలు వరసగా ఉన్నాయి. చిన్నుల్లి, సోంపు, కరివేపాకు తాళింపు వాసన వీధి దాకా కొడుతోంది. మటన్ కుళంబు, కోడి వేపుడు, నెయ్యన్నం అంటూ కణ్మణి ఒక్కో మూత మీదా చెయ్యి పెట్టి చెప్పింది. సరోజాదేవి మొగుడు ఆనందరాజ్ గుటకలు మింగుతూ ఆకు ముందు కూర్చోబోయాడు. భార్య చూసిన చూపుకు మళ్ళీ సోఫాలో కూలబడ్డాడు.

బొమ్మక్కకు ఓపిక లేదు. పొద్దుటినుంచీ ఒట్టి కాఫీతో ఉన్నానని, అది తినకపోతే పోయింది తనకైనా పెట్టమని గిన్నె మూతకు చెయ్యి చాచింది. కణ్మణి ఆ చేతిని మెల్లిగా పట్టుకుంది.

"సముద్రం దాటి వచ్చిన బిడ్డ పస్తు ఉంటే మనం తినేదా అత్తా. ముందు అది కూర్చోవాల."

ఆ మాట బొమ్మక్కకు భలే నచ్చింది. ఇంత మంచి మనిషిని ఏడిపిస్తావా అని సరోజాదేవి మీద లేచింది. సరోజాదేవి పట్టించుకోలేదు. కణ్మణి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సరోజాదేవి చెంబును వేలితో పక్కకు నెట్టింది. తెల్లవారుజామున లేచి చేసినానని, ఒక్క ముద్ద, ఒకే ఒక్క ముద్ద తిని పొమ్మని కణ్మణి బతిమాలింది. బతిమాలే కొద్దీ సరోజాదేవికి గుండెల్లో చల్లగా ఉంది. ఇన్నాళ్ళూ నిద్ర పట్టనివ్వని మంట ఆరిపోతున్నట్టే ఉంది. ఇంకాసేపు బతిమాలించుకుని అప్పుడు లేచింది.

"మేము ఫ్రిజ్ సాంబారు తినేటోళ్ళము అక్కా. మీ వేడి సాపాడు మాకు పడదు."

కణ్మణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరోజాదేవి ఆ ముఖాన్ని కరువుతీరా చూసి, మొగుణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. కారెక్కగానే ఆనందరాజ్ ఆకలిగా ఉందన్నాడు. తనకు మాత్రం కడుపు నిండిపోయిందని ఆమె చెప్పింది.

ఇంట్లో బొమ్మక్క ఊగిపోతోంది. ఇంత వండి కాళ్ళావేళ్ళా పడితే కాలదన్ని పోయిందే, ఎంత పొగరు, ఈ సంగతి సత్రపట్టి నుంచి మంసాపురం దాకా చెప్పకపోతే నా పేరు బొమ్మక్కే కాదు అంది. ఈ రోజు ఇక తన గొంతులో ముద్ద దిగదని కణ్మణి వెక్కింది. నువ్వు తినని ఇంట్లో నేనెట్లా తింటానే తల్లీ అని బొమ్మక్క ఆటో పిలిపించుకుంది. ఆటో కదలకముందే ఫోను ఆమె చెవి దగ్గర ఉంది.

ఆటో మలుపు తిరిగేదాకా కణ్మణి గడపలో నిలబడి కళ్ళు ఒత్తుకుంది. తర్వాత లోపలికి వచ్చి తలుపు గడియ వేసింది. కాలేజీలో చదివే కూతురు దర్శిని గదిలోంచి వచ్చి, ఆకలి చంపేస్తోందంటూ ఆకు ముందు కూర్చుంది.

"అక్కడ కూర్చుంటే ఏం వస్తుంది, లే," అంది కణ్మణి ఆకులు మడుస్తూ. "స్కూటీలో పోయి హోటల్లో నాన్నకూ కలిపి మూడు సాపాడు కట్టించుకొని రా. ఏమీ ముట్టనని ఊరంతా చెప్పుకొని వచ్చినదానికి, నేను తాళింపు తప్ప ఏమీ చెయ్యలేదు."