బరువైన గాలి

"నాన్నా, నేల మీంచి లే! పాపని ఎత్తుకో!" కంట్రోల్ రూమ్‌లో ఫోన్ పట్టుకుని ఆమె గొంతు చించుకుంది.

భూమి వేడెక్కకుండా పాతాళంలో దాచడానికి కార్బన్ డయాక్సైడ్‌ని మోసుకెళ్లే గొట్టం పగిలింది. ఆమె వాల్వు కట్టేసింది కానీ, అప్పటికే బయటపడ్డ గాలి పల్లంలో ఉన్న తమ ఇంటి వైపే పారుతోంది.

"కంగారుపడకమ్మా. తలుపులు మూసేశాను. పాపని నేలకి కరుచుకుని పడుకోమన్నాను. పొగలోంచి ఎంతమందిని పాకించి బయటికి తెచ్చానో నీకు తెలీదూ?" అన్నాడు తండ్రి. ఫైర్ స్టేషన్లో జుట్టు నెరిసిన మనిషి.

"ఇది పొగ కాదు నాన్నా! మామూలు గాలికన్నా బరువు. నీళ్లలా కిందనుంచి నిండుతుంది!"

"నాకు నేర్పుతున్నావా?" అని కసిరినవాడు ఉన్నట్టుండి ఆగాడు. "అమ్మాయ్... మంచం కింద పిల్లి లేవట్లేదే."

ఆ తర్వాత దగ్గు, కుర్చీ ఈడ్చిన చప్పుడు.

"నాన్నా! నాన్నా!"

పాప గొంతు వినిపించింది. "అమ్మా, తాత నన్ను అటక మీద కూర్చోబెట్టాడు."

"తాతేడమ్మా?"

"కింద కుర్చీ ఎక్కాడు. మునివేళ్ల మీద నిలబడి మొహం పైకెత్తాడు. తొందరగా రామ్మా, తాత కాళ్లు వణుకుతున్నాయి."