వదిన చూడని మణిధరుడు

"కామాక్షయ్య నన్ను నిలువునా ముంచినాడు, హజరత్తయ్యా. నా భూమి పోయింది ఆ మనిషి వల్లే" అన్నాడు మాల్యాద్రి, టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి.

"పోయి తొమ్మిదేళ్లయిన మనిషిని తిడితే ఏమొస్తుంది గాని, ముందు తీర్పు చెప్పు" అన్నాడు హజరత్తయ్య. "పన్నెండింటి బండికి ఒక బొమ్మ నెల్లూరికి పంపాల. ఏది పంపను, ఏది ఉంచను?"

బిట్రగుంట రైలు గేటు అవతల హజరత్తయ్యది టూరింగ్ టాకీసు. మణిధరుడి నాటకం రెండుసార్లు సినిమాగా వచ్చింది. యాభై ఏడులో తీసిన పాతదీ, నిరుడు అరవై నాలుగులో తీసిన కొత్తదీ రెండూ ఆ వారమే డేరాలో ఆడాయి. ఈ సాయంత్రం ఆఖరి ఆట. ఏది వెయ్యాలో తేల్చమని మాల్యాద్రిని అడిగింది కామాక్షయ్య భార్య వెంకటశేషమ్మ.

కామాక్షయ్య రైల్వే షెడ్డులో ఫిట్టరు. పండగ వస్తే ఇన్‌స్టిట్యూట్ స్టేజీ మీద మణిధర మహారాజు. కన్నకొడుకును పొరబాటున చంపించి, నిజం తెలిశాక విషం తాగి, పద్యం పాడుతూ ప్రాణం విడిచే రాజు. జనం 'వన్స్‌మోర్' అంటే ఆ చచ్చిన రాజు లేచి, మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు. జువ్వలదిన్నె నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చి చూసేవాళ్లు. చూడనిది వెంకటశేషమ్మ ఒక్కతే. మొగుడు చచ్చే ఆటను పెళ్లాం చూడకూడదని అత్తగారు గడప దాటనివ్వలేదు. ఇప్పుడు ఆమె కళ్లకు పొర కమ్ముతోంది. రెంటిలో ఏది ఆయన ఆటకు దగ్గరో ఆ ఒక్కటీ చూస్తానంది.

"పాతదాంట్లో పద్యం మొత్తం ఉంది. గొంతు ఖంగుమంటా ఉంది. అదే గదా?" అన్నాడు హజరత్తయ్య.

"గొంతుంది, మనిషి లేడు. విషం తాగినోడు అద్దం ముందర నిలబడినట్టు నిలబడతాడా? మీసం కూడా చెదరలా."

"కొత్తదాంట్లో పద్యమే కోసేసినారు. నాలుగు ముక్కలు మాట్లాడి కూలబడతాడు."

"కూలబడలా, కూర్చున్నాడు. డ్యూటీ దిగినోడు అరుగు మీద కూర్చున్నట్టు. గిన్నె కింద పెట్టి కండువాతో మూతి తుడుచుకున్నాడు, చూసినావా? కామాక్షయ్య అచ్చం అట్నే తుడుచుకునేవాడు, అన్నం తిని లేచినట్టు."

"తిట్టేదీ నువ్వే, మురిసేదీ నువ్వే. పాత బొమ్మలో పద్యానికి జనం వన్స్‌మోర్ అని గోల చేస్తా ఉంటే, నువ్వు లేచి తెరకు దణ్ణం పెట్టినావంట. మతి పోయిందా?"

"ఎంత అరిచినా ఆ రాజు లేవలేదు గదా. అందుకు పెట్టినా."

"తెర మీద బొమ్మ ఎట్టా లేస్తుందయ్యా?"

"అదే దాని గొప్ప. కొత్తది ఉంచు" అని మాల్యాద్రి కండువా దులుపుకుని లేచాడు.

రైల్వే కాలనీ వెనక ఇంటి వాకిట్లో వెంకటశేషమ్మ వడ్లు ఎండబోస్తోంది. మాల్యాద్రి వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. మూడో తరగతితో బడి మానేసిన తనకు, ముప్పై ఏళ్లు దాటాక, నాటకం పుస్తకం ఒళ్లో పెట్టి పద్యం పద్యంగా అక్షరాలు చదివించింది కామాక్షయ్య. అదీ ఆ అరుగు మీదే.

"కొత్తదే వదినా. సాయంత్రం ఆటకు హజరత్తయ్య ముందు వరసలో కుర్చీ వేయిస్తాడు."

"ఎట్టా పోతాడు రాజు?"

"నెమ్మదిగా పోతాడు. నువ్వు చూడగలవు."

ఆమె దోసెడు వడ్లు ఎత్తి చూపింది. "ఈ నాలుగు మెతుకులు నీ చలవే, మాల్యాద్రీ. మీ అన్న నీ దగ్గర ఆ భూమి కొన్నట్టు నాకు తెలీదు, ఊరికి తెలీదు, కాగితం ముక్క లేదు. దినాలు కాకముందే నువ్వే వచ్చి, డబ్బు ముట్టింది వదినా, నీ పేరున రాసిస్తానంటివి. అట్టాంటి మనిషి ఉంటాడా?"

"ఊరికే ఇచ్చినానా?" అని గొణిగాడు మాల్యాద్రి. "నన్ను ముంచి పోయినాడు ఆయన."

"తిట్టుకో నాయనా. నువ్వు తిడతా ఉంటే ఆయన ఊళ్లోనే ఉన్నట్టుంటుంది."

ఆమె వడ్లు చేతుల్లోంచి జారవిడిచింది. "ఇంకొకరికి కూడా రుణపడినా. ఆయన పోయిన రోజు స్టేజీ మీద రెండుసార్లు లేచి పాడి, అలిసిపోయి పడుకున్నాడంట. అందరూ ఊరుకున్నాక వెనకనించి ఒక్కడే మూడోసారి వన్స్‌మోర్ అన్నాడంట. ఆయన నవ్వతా లేచినాడంట గదా?"

"నవ్వతానే లేచినాడు వదినా."

"పద్యం సగంలో గుండె ఆగిపోయె. ఎప్పుడో ఆగాల్సిన గుండేనని డాక్టరు చెప్పినాడు. షెడ్డులో బొగ్గు మసి మధ్యన పోకుండా, ఇంకా కావాలని పిలిపించుకుని పోయినాడు మారాజు. ఆ పిలిచిన పుణ్యాత్ముడెవరో తెలిస్తే కాళ్లకు మొక్కుతా. నువ్వు అక్కడే ఉంటివి గదా, ఎవరో చూళ్లేదా?"

"చీకట్లో ఏం కనపడుతుంది వదినా" అన్నాడు మాల్యాద్రి, వడ్లకేసి చూస్తూ.

ఎవరో తెలియని ఆ మనిషికి వెంకటశేషమ్మ వాకిట్లోనే నిలబడి చేతులెత్తి మొక్కింది.

తాను వేసిన ఆ మూడో కేకకు మాల్యాద్రి ఇచ్చుకున్నది ఎకరా పదిహేడు సెంట్లు.