జ్ఞాపకాల పొంతన

పెళ్లిచూపుల్లో జాతకాలు పోయి జ్ఞాపకాలు వచ్చాయి. ఇంటిల్లిపాది తలల్లో ఉన్నదంతా యంత్రం ఒక పుస్తకంగా అచ్చేస్తుంది. ఆ పుస్తకాలు ఇరువైపులవారూ మార్చుకుంటారు. నచ్చని సంగతి పుస్తకంలో కొట్టేస్తే తలల్లోంచీ పోతుంది.

తెనాలి హైమవతిగారు కొడుకు కిరీటి సంబంధం కోసం అత్తగారి ఇడ్లీబండిని కొట్టేయబోయి, పొరపాటున అత్తగారినే కొట్టేశారు. చేత్తో కాదు, మీటతో.

చూపులనాడు ఇడ్లీలు వడ్డించి వంటింట్లోకి వెళ్తున్న ముసలావిణ్ణి చూసి, పెళ్లికూతురు మేధిని అడిగింది. "ఈవిడెవరండీ? పుస్తకంలో లేరే."

"మాకూ తెలీదమ్మా," అన్నారు హైమవతి. "మొన్నట్నుంచీ ఇక్కడే ఉంటున్నారు. చట్నీ చప్పగా చేస్తారు. పరాయి మనిషికి ఎలా చెప్తాం, బావుందని తింటున్నాం."

ఆవిడ ముఖంలో కిరీటి పోలికలు చూసి మేధినికి అనుమానం వచ్చి వంటింట్లోకి వెళ్లింది. "మీరు కిరీటిగారి నాయనమ్మ కదూ? కోపం రాలేదా?"

యంత్రానికి ఎన్నడూ తల అప్పగించని సూరమ్మకి అన్నీ గుర్తే. "అలుగుదామనే ఉంది తల్లీ. అలిగింది ఎవరో తెలిస్తేగా బతిమాలేది."

ఇంతలో హాల్లో కిరీటి, వంటింటి గుమ్మంలో మేధిని కొంగు చూస్తూ పరధ్యానంగా ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు. "నాయనమ్మా, చట్నీలో ఉప్పు మళ్లీ మర్చిపోయావే," అని కేకేసి, ఎవర్ని పిలిచాడో తెలియక తల్లి మొహం చూశాడు.

సూరమ్మ ఉప్పుజాడీ అందుకుంది. మొన్నట్నుంచీ ఆవిడ ఉప్పు వెయ్యడం లేదు, ఇంట్లో ఒక్కరైనా తిడతారని.