డ్రైవరు తువ్వాలు

పాత వంతెనను ఏరు మింగిన వరద ఏడాది అది.

"లారీని నీళ్ళలోకి దించను గాక దించను. కావాలంటే కాల్చెయ్," అన్నాడు డ్రైవరు. కాన్వాయిలో అందరికంటే ముందున్న లారీ అతనిది.

కాపలా సిపాయి ఫుట్‌బోర్డు మీద నిలబడి, కిటికీలోంచి నవ్వాడు. కుర్రవాడు. మూతి మీద వెంట్రుక మొలవలేదు, అందుకని డ్రైవర్లంతా అతన్ని 'మీసాలు' అని పిలిచేవారు. ఎప్పుడూ ముందు లారీలోనే ఎక్కేవాడు. గుండు వచ్చినా, మందుపాతర పేలినా మొదట తగిలేది ఆ లారీకే. ఒంటికి యూనిఫారం వదులు. బెల్టు నడుముకు ఇంచుమించు రెండు చుట్లు తిరిగేది. బిగించుకోవడానికి మేకుతో కొత్త చిల్లు పొడిచిపెట్టింది ఈ డ్రైవరే.

"నీకు సరిపడా తూటాలు నా దగ్గర లేవు బాబాయ్. నీ పొట్ట చూసుకున్నావా?"

"నవ్వులాట కాదురా మీసాలూ. రోడ్డెక్కడుందో కనబడుతోందా నీకు?"

కనబడటం లేదు. వాన. ముందంతా ఎర్రటి నీళ్ళు. వాటి కింద రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద ఎక్కడో ఒక కల్వర్టు కూలిందని కబురు. నీళ్ళకు అవతల పట్నంలో ఆసుపత్రి ఈ లారీల్లోని మందుల కోసం కాచుకుని ఉంది. వెనక కొండదారి. అక్కడ తుపాకులవాళ్ళు. పోయిన వారం ఆగిన లారీలు అక్కడే మాడి మసై పడి ఉన్నాయి.

"ఇక్కడే కూర్చుంటే వాన తెరిపిచ్చేసరికి వాళ్ళు మన నెత్తిమీద ఉంటారు. పోక తప్పదు."

"నీ వయసెంతరా, నాకు చెప్పొచ్చావు?"

"మీసాలొచ్చాక చెబుతాలే."

అంటూనే మీసాలు, డ్రైవరు మెడలోని ఎర్ర తువ్వాలు లాగేశాడు. టార్పాలిన్ కింద నుంచి పొడవాటి వెదురు గడ ఒకటి తీసి, దాని కొసకు కట్టాడు.

"ఒరేయ్, అది మీ పిన్ని కొన్నదిరా! పోగొట్టానంటే గుమ్మం తొక్కనివ్వదు నన్ను."

"అవతలి గట్టున ఇస్తాగా! ముందు విను. నేను నడుస్తా, నా వెనకే రా. గుంట తగిలితే గడ అక్కడే పాతేస్తా. గడ ఉన్నచోటికి రావద్దు, కుడి పక్కగా పో. నా కోసం ఆగొద్దు. నువ్వు ఆగితే వెనకవన్నీ నీళ్ళలో ఆగిపోతాయి. నేను చివరి లారీ ఎక్కుతా."

దిగాడు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. గడతో పొడుచుకుంటూ, సొంత పెరట్లో తిరుగుతున్నట్టు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. డ్రైవరు గొణుక్కుంటూనే గేరు వేశాడు. వెనక లారీలన్నీ కదిలాయి.

నడిమధ్యలో వాన జోరెత్తింది. అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ లేదు. మళ్ళీ కనబడేసరికి మీసాలు లేడు. నీళ్ళ పైన గడ ఒక్కటే నిలబడి ఉంది, కొసన ఎర్ర తువ్వాలు.

'పాతేశాడు,' అనుకున్నాడు డ్రైవరు. ఆగలేదు. స్టీరింగు కుడికి తిప్పాడు. చక్రాల కింద రోడ్డు గట్టిగా తగిలింది.

లారీ రేపిన అలకు గడ వంగింది. మళ్ళీ నిటారుగా లేచింది. వెనక లారీ అలకూ అంతే.

"ఏం పాతాడ్రా!" అన్నాడు పక్క అద్దంలో చూస్తూ.

లారీలన్నీ గట్టెక్కాయి. డ్రైవరు చివరి లారీ దగ్గరికి పరుగెత్తాడు.

"మీసాలేడి?"

"నీ బండిలో లేడా అన్నా?"

ఎవరి బండిలోనూ లేడు. డ్రైవరు నీళ్ళలోకి దూకబోతే ఇద్దరు నడుం పట్టుకుని ఆపారు.

"పిచ్చా నీకు? గుంట కనిపెట్టి గడ పాతినోడికి ఈత రాదా? ఏ చెట్టో పట్టుకుని ఉంటాడు. పొద్దున్నే వచ్చి నిన్ను వెక్కిరిస్తాడు చూడు."

మందులు ఆసుపత్రికి చేరాయి. మీసాలు రాలేదు.

మర్నాడు పొద్దున నీళ్ళు తీశాయి. రోడ్డు బయటపడింది. కూలిన కల్వర్టు గుంట మాత్రం బురద నీళ్ళతో నిండుగా ఉంది. అందులో గడ అలాగే నిలబడి ఉంది.

డ్రైవరు గుంట అంచున బోర్లా పడుకుని గడ పట్టుకు లాగాడు. రాలేదు. "దేన్లో పాతావురా ఇంత గట్టిగా," అని తిట్టుకుంటూ, గడ వెంట చెయ్యి నీళ్ళలోకి దించాడు.

చేతికి మట్టి తగల్లేదు. బెల్టు తగిలింది. దాంతో గడను గుండెకు కట్టుకుని, కూలిన రాళ్ళ మధ్య మీసాలు నిలబడే ఉన్నాడు.